మట్టి పట్టని మనిషి

అలగ రాయకండి అయ్యగారూ. ఆ మాట కొట్టీయండి. "శత్రువులు హింసించి సంపినారు" అని రాత్తే, రేపు మీ హతసాక్షుల పుస్తకం సదివినోళ్ళు మా కరకపుట్టు ఊరంతా కత్తులు నూరుకుని కూకుందనుకుంటారు. ఆడి మీద ఎవలూ సెయ్యెత్తనేదు. ఒక్క దెబ్బ పడనేదు. పడినా బాగుణ్ణు. సెప్పుకోడానికి ఏదో ఒకటి ఉండును.

ఏటి అలగ సూత్తారు? నాకు సదువొచ్చు. మీ నోటుబుక్కు తిరగేసి ఉన్నా సదవగల్ను. మా బావే నేర్పాడు, మీరు ఎవరి గురించి రాయడానికి ఇంత కొండెక్కి ఒచ్చారో ఆ ఎలీయేజరే. రాత్రుల్లు పనులయ్యేక ఆడింటి అరుగు మీద కిరసనాయిలు బుడ్డెట్టి కూకోబెట్టీవోడు. నలభయ్యేళ్ళు దాటినోడికి అఆలేట్రా అని నాను మొరాయించీవోణ్ణి. "నీకు రాకపోతే నాకేటి బావా, సంతలో దొంగకాటా ఏసినోడికి నువ్వంటే శానా ఇష్టం, ఆడి ఇష్టం ఆడిది" అనీవోడు. రోషమొచ్చీది. ఆ రోషం మీదే రెండేళ్ళలో నేర్సుకున్నాను.

మా సెల్లెలు కనకని ఆడికిచ్చాం. అప్పటికి ఆడు ఎలీయేజరు కాదు. మంగళారం పుట్టాడని మంగ్లు. పాలమూరోళ్ళు కూలికి దేశమంతా తిరుగుతారంటారు గదా, మావోడు ఈ కొండ దిగి పాలమూరికే కూలికెళ్ళాడు, కాలవ తవ్వడానికి. అదేటి తెలివో. అక్కడ మీ మెన్నొనైటు సంఘమోళ్ళు ఆడికి అన్నమెట్టారు, అచ్చరాలు సెప్పారు, ఏట్లో ముంచి పేరు మార్చారు. తొంబై ఒకటిలో తిరిగొచ్చాడు. బుజం మీద గునపం, సంకలో బైబిలు.

మెన్నొనైటంటే ఏట్రా బావా అన్నాను. "మేం కత్తి పట్టం, ఒట్టెయ్యం, కోర్టుకెక్కం. బాప్తీసం తెలివి తెలిసినోళ్ళకే ఇత్తాం" అన్నాడు.

కల్లో, అన్నాను.

"అదీ తాగం."

మరి నీ పక్కని కూకుని నానేటి సెయ్యాలి, అన్నాను. నవ్వాడు. ఆడి నవ్వు బాగుండీది అయ్యగారూ, పన్నొకటి ఉండీది కాదు ముందర.

మీకు ఇటుకల పండగ తెలుసా? చైత్రంలో మగోళ్ళందరం విల్లూ అమ్ములూ పట్టుకుని ఏటకెళ్ళాలి. ఉత్తి సేతుల్తో ఒచ్చినోడి మీద ఆడోళ్ళు పేడనీళ్ళు పోత్తారు. ఆడు అసలు అడివికే ఎళ్ళీవోడు కాదు. సాయంత్రం తిన్నగా ఒచ్చి ఆళ్ళ ముందర నిలబడి, "బేగి పొయ్యండమ్మా, గట్టు పని మిగిలిపోయింది" అనీవోడు. ఏటేటా అంతే. అప్పలనర్సమ్మని ఓ ముసల్ది ఉండీది, "ఈడికి పొయ్యకండే, ఎరువై పోతంది, ఈడి సేను సూడండి ఎలగ పెరుగుతందో" అనీది.

నిజమే, పెరిగింది. మేం ఏటా కొండ కాల్చి పోడు కొట్టుకునీవోళ్ళం. ఆడు కాల్చడం మానీసి వాలుకి అడ్డంగా రాతిగట్లు కట్టాడు. ఒక్కడే, మూడేళ్ళు. సిల్వరోకు సెట్లేసి ఆటి నీడని కాఫీ పెట్టాడు. సెట్లకి మిరియం తీగలెక్కించాడు. కింద మడిలో అంబలికి సోళ్ళు. మొదట్లో నవ్వినాం. అయిదో యేటికి నవ్వడం మానీసినాం. మానీసి ఏటి సేసినాం, సూడ్డం మొదలెట్టినాం. ఒకడి సేను వైపు ఊరంతా అలగ సూడకూడదు. ఆ సంగతి ఆడికి తెలీదు. గట్లెలగ కట్టాలో మీకూ నేర్పుతాను రండర్రా అనీవోడు.

ఆదోరం ఆడింట్లో ఆరు ఇళ్ళోళ్ళు ప్రార్థనకి కూడీవోరు. ఆడే సంఘపెద్ద. పెద్దగా ప్రసంగం ఒచ్చీది కాదు. ఓ వచనం సదివి, అరగంట నోరు మూసుకుని, "మరి పనుల్లోకెళ్దాం" అనీవోడు. నానెప్పుడూ బాప్తీసం అడగనేదు. ఆడూ తీసుకోమననేదు. "నీకు తెలివి తెలవాలి గదా బావా" అనీవోడు. ఎక్కిరింపో, నిజమో.

సరే. రెండు వేల ఒకటి, వానాకాలం.

పన్నెండు రోజుల్లో అయిదుగురు పిల్లలు పోయారు మా ఊళ్ళో. జరం. ఒణుకు, వాంతి, కళ్ళు పైకి తేలీడం. ఎవరికి జరమొచ్చినా ముందు దెయ్యాలు దించే గురువుని పిలిసీవోరం. కోడి కోసీవోరం. తగ్గకపోతే ఇంకో కోడి. ఆఖర్న, ఇంక పిల్ల సెయ్యి సల్లబడతందనగా, ఎలీయేజర్ని పిలిసీవోరు, ఆడు కూడా ఓ మంత్రమేత్తాడు గదా అని. ఆడు ముందు "డోలీ కట్టండర్రా, ముంచింగిపుట్టు ఆస్పత్రికి మోసుకెళ్దాం" అని బతిమాలీవోడు. ఎవలూ కదలకపోతే పిల్ల తల మీద సెయ్యేసి కళ్ళు మూసుకుని గొణిగీవోడు. తెల్లారీసరికి పిల్ల పోయీది.

ఆఖర్న పిలిస్తే ఆఖరే గదా ఉంటాది అయ్యగారూ. ఇప్పుడీ మాట సులువుగా అనీసాను. అప్పుడెవలికీ తట్టనేదు. ఆడు సెయ్యేసిన పిల్ల బతకనేదు, అదొక్కటే అందరికీ కనపడింది.

అయిదో పిల్ల మాది. మా అమ్మాయి నీలవేణి కూతురు, సిట్టి. నాలుగేళ్ళ గుంట. నా ఒళ్ళోనే ఉంది. ఆడు సెయ్యేసినప్పుడు ఆ గుంట ఓసారి కళ్ళిప్పి ఆడినే సూసింది. తర్వాత మరి సూడనేదు.

ఉండండి. నీళ్ళు తాగుతాను.

ఒడిశా వైపు నించి గురువుని తెచ్చారు. సేటలో బియ్యం ఏసి తిప్పి, పెదాలు కదిపి సదివీవోడే పిల్లల్ని తింటన్నాడు అన్నాడు. పేరెట్టనేదు. పేరెందుకు? చిల్లంగి అనీసారు. మంత్రమేసి మనిషిని లోపల్నించి తినీడం. ఆ మాట ఓ మనిషి మీద పడితే మా కొండల్లో ఇంక ఆడు మనిషి కాడు. కానీ ఆ మాట దులుపుకోడానికి మాకో దారి ఉంది. మా తాతల్నాటిది. ఊరి నడిమి రాళ్ళ దగ్గిర, దున్నిన మట్టి పిడికిట్లో పట్టి, "నాను సేసుంటే నా వంశం ఈ మట్టిలో కలిసిపోవాల" అని ఒట్టేసి సిటికెడు నోట్లో ఏసుకోవాల. తొమ్మిది రోజులు ఏ సెడ్డా జరక్కపోతే ఆడు నిర్దోషి. మరి ఆ మాట ఎవలూ ఎత్తకూడదు. ఎత్తినోడికి తప్పు కింద జరిమానా ఏత్తారు.

ఊరిపెద్ద గుర్రు సెడ్డోడు కాదు. మీరు అలగ రాసీగలరు, రాయకండి. ఆడు ఎలీయేజర్ని కాపాడదామనే రాళ్ళ దగ్గిరికి పిలిసాడు. తనే ఆడి మడిలోంచి మట్టి తెచ్చాడు. "నీ మట్టే గదరా, పట్టు, నాలుగు మాటలను, ఎళ్ళి నాగలి కట్టుకో" అన్నాడు.

మా బావ ఆ మట్టి వైపు సూసాడు. "నాను సెయ్యనేదు" అన్నాడు.

సెయ్యనేదని ఒట్టెయ్యి, అన్నాడు గుర్రు.

"సెయ్యనేదంతే. అవునంటే అవును, కాదంటే కాదు. దాని మీద ఇంకోటి ఎయ్యకూడదు మాకు."

ఒకడు నవ్వాడు. ఓ తల్లి ఏడ్సింది. గుర్రు సెయ్యి సాపుకునే నిలబడ్డాడు, ఆ మట్టి ఏళ్ళ సందుల్లోంచి రాలతంది. నిజమున్నోడు మట్టికి జంకుతాడా అన్నారు ఎనకనించి.

మర్నాడు ఆడి సేనుకెళ్ళాను. గట్టు మీద జారిన రాళ్ళు సర్దుతున్నాడు. నాలుగు తిట్లు తిట్టాను. ఒట్టంటే ఏట్రా, నోటి గాలి, ఆ మట్టి నువ్వు రోజూ తొక్కేదే గదా అన్నాను.

"బావా, ఇయ్యాళ ఒట్టేసి నిజమంటే, ఒట్టెయ్యకుండా ఈ పదేళ్ళూ మీతో ఆడిన మాటలన్నీ ఏటైపోతాయి?" అన్నాడు. "నీతో సిన్నమాటైనా అబద్ధమాడానా?"

ఆడనేదు. నా ఎద్దు కుంటిదని సంతలో బేరగాడి ముందరే సెప్పీసినోడు ఆడు.

పాడేరు ఎళ్ళి పోలీసులకి సెప్పుకో అన్నాను. సెప్పనన్నాడు. మీ పాలమూరు సంఘమోళ్ళే ఒచ్చీయమని ఉత్తరం రాసారట గదా, ఎళ్ళిపో అన్నాను. కాఫీ కోతలయ్యేక సూద్దాం అన్నాడు. కోతలకి ఆడి సేలోకి ఒక్క కూలీ రానేదు. ఆడు, కనక, కూతురు సుజానా, ముగ్గురూ కోసినంత కోసారు. మిగతాది సెట్ల మీదే నల్లబడింది. ఆదోరం ప్రార్థనకొచ్చీ ఆరు ఇళ్ళూ మూడైనాయి, తర్వాత ఏదీ నేదు. ఆడు మాత్రం వచనం సదివి, అరగంట కూకుని, లెగిసీవోడట. కనక సెప్పింది.

మరుసటి వానల్లో ఆడికే ఒచ్చింది ఆ జరం.

డోలీ అంటే వాసానికి దుప్పటి ఉయ్యాల్లాగ కట్టి మొయ్యడం. జీపు దారికి ఏడు మైళ్ళు, రెండు కొండలు దాటాలి. నలుగురు మగోళ్ళుంటే మార్సుకుంటా పోతారు. ఊళ్ళో ముప్పై ఇళ్ళున్నాయి. కనక ఒక్కో గుమ్మం ముందర నిలబడింది. ఆఖర్న నా గుమ్మానికొచ్చింది.

"అన్నా, ఒక్క బుజం" అంది.

మోకాలు బాగునేదమ్మా అన్నాను.

నా మోకాలికేటీ నేదు అయ్యగారూ. మొన్ననే సంతకి పోయొచ్చాను, అది కనకకీ తెలుసు. "అలగే అన్నా. పసరు రాసుకో, తగ్గుతాది" అంది. అనీసి ఎళ్ళిపోయింది.

ముందర కనక, ఎనక సుజానా. ఇద్దరాడోళ్ళు మోసారు. మొదటి కొండ దాటించారు. రెండో కొండ సగంలో, "దింపీండి, మీ బుజాలు సూడండి ఎలగున్నాయో" అన్నాడట. దింపారు. మరి ఎత్తే పని నేకపోయింది. మళ్ళా ఆళ్ళే ఎనక్కి మోసుకొచ్చి సేలో కాఫీ సెట్ల మధ్య గొయ్యి తీసుకున్నారు. నాను మా పెరట్లోంచి సూసాను.

ఇదీ సావు. దీన్లో హతసాక్షి ఎక్కడున్నాడు, సెప్పండి.

ఆ టేపురికార్డరు ఆపుతారా? ఒద్దు, తిరగనీండి. ఒక్కటి మిగిలింది.

మా కట్టుబాట్లో ఇంకో సంగతుంది, మీకెవలూ సెప్పుండరు. ఒట్టెయ్యలేనోడికి బదులుగా అయినోడు మట్టి పట్టొచ్చు, అబద్ధమైతే ఆ పట్టినోడి వంశానికే తగులుతాది. మూగోళ్ళకీ రోగిష్టోళ్ళకీ అలగ సేత్తారు. ఆ రోజు గుర్రు నా వైపు తిరిగి అడిగాడు. బుధూ, నువ్వు పడతావా అని. నాను పట్టుంటే గొడవ అక్కడితో తీరిపోవును. ఆరు ఇళ్ళూ ఉండును, డోలీకి నలుగురొచ్చీవోరు.

నేల సూసాను.

గురువుకి బయపడ్డానని ఊరనుకుంటాది. ఊరికి బయపడ్డానని కనకనుకుంటాది. ఆళ్ళనలగే అనుకోనీండి. అది కాదు. ఆడు సెయ్యేసినప్పుడు మా సిట్టి కళ్ళిప్పింది గదా, ఏటి సూసిందో నాకు తెలీదు. ఆడు సేసుండడని ఒట్టేసి, ఆడే సేసుంటే? నా కూతురికి ఇంకో గుంటడున్నాడు. ఆణ్ణి పణం పెట్టీటంత నమ్మకం నాకు నేకపోయింది. గట్టు మీద ఆడు నన్నడిగాడు, "నువ్వు నమ్ముతావా బావా?" అని. నమ్మకపోవడమేట్రా అన్నాను. ఆడు నాతో ఎప్పుడూ అబద్ధమాడనేదు. నాను ఆడాను.

దోమల జరమని తర్వాత సర్కారు డాక్టరు ఒచ్చి సెప్పాడు. కాయితమిచ్చాడు. సదివాను. సదవడం ఒచ్చు గదా, రెండుసార్లు సదివాను.

నిన్న మా పక్కింటి పిల్లకి జరంతో ఒళ్ళు కాలిపోయింది. బేగి ఆస్పత్రికి దింపండర్రా అని నానే అరిసాను, నానే వాసం తెచ్చాను. తెచ్చి, డోలీ కడతా, ఆళ్ళమ్మనడిగాను, ఈ వారంలో దీని తల మీద ఎవరైనా సెయ్యేసారా అని.