అపాచీ అమ్మ పాతిన రాట

“మావయ్యా, అమ్మమ్మని ఇక్కడ సుంగై సిపుట్‌లో అందరూ అపాచీ అనేవాళ్లంట, ఎందుకు?”

ఏటే గుంటా, సైబర్‌జయ నుంచి ఇంత దూరం కారేసుకొచ్చి అడిగేది ఇదా. కూకో, కొపి తాగుతూ ఇను. మీ అమ్మమ్మంటే మా అమ్మే కదా, ఇక్కడి రబ్బరు తోటలో పాలు తీసేది. అప్పట్లో మైదానంలో తెరకట్టి సినిమాలేసేవోరు. టికెట్టు... కాదులే, టికెట్టే లేదు, శెనగలకే డబ్బులు. ఓనాడు గుర్రాల సినిమా. తెల్ల తుపాకులోళ్లు అపాచీ తెగ పెద్దని ఆళ్ల కొండల్లోంచి తరిమేస్తంటే మేమందరం ఈలలేసినాం. అమ్మ లెగిసి తెరకడ్డంగా నిలబడిపోయింది.

“ఆ ముసిలోడు పుట్టిన కొండ అది. ఆడెందుకెల్లాలి? ఈలేసినోడికి రేత్రి కూడు లేదు” అంది. నిజంగానే నాకు ఎట్టలేదు. ఆ పేరు అలా అతుక్కుపోయింది.

సరే, కొన్నాళ్లకి తోట అమ్మేసినారు. కొత్త తౌకే, అదే చీనా యజమాని, మా లైను ఇళ్లు పడగొట్టి మేడలు కడతానన్నాడు. మమ్మల్నెక్కడికో పొమ్మన్నాడు. మా తాత ఓడెక్కి ఈ మలాయ్ దేశానికొచ్చి అడివి కొట్టి బాగు సేసిన నేల అది, తెలుసా. మమ్మల్నెక్కించుకుపోడానికి లారీలొచ్చే ముందురోజు అమ్మ ఏటి సేసిందంటే, అమ్మోరి రాయి ముందు ఏపకొమ్మ కట్టి పండక్కి రాట పాతీసింది. నీకు తెలీదు కదా. రాట పాతినేక, పండగయ్యేదాకా ఊరోళ్లు పొలిమేర దాటకూడదు. దీపాలెట్టే ఏలకి ఊర్లో ఉంటే సుట్టమైనా సరే ఇంక దాటకూడదు, అంతే.

లారీలతో తౌకే కిరాణీ వచ్చినాడు, లెక్కలు రాసే తమిళాయన. “పండగ ఎప్పుడవుద్దక్కా?” అన్నాడు.

“అమ్మోరు సెప్పినప్పుడు. ముందు బోంచెయ్యి నాయనా.”

కోడికూర, గారెలు. లారీలు ఖాళీగా ఎల్లిపోయినాయి. ఈయన తిని, కునుకు తీసి, మళ్లీ తినేసరికి దీపాలెట్టీసినారు. ఇంకెలా ఎల్తాడు? అమ్మోరంటే ఆయనకీ భయమే. భయమో, కూర మీద మోజో, నేను సెప్పలేను. మా వసారాలోనే మకాం. వాళ్లావిడ రోజూ పొలిమేర కాలవ అవతల నిలబడి ఉతికిన సొక్కా ఇసిరేది, దాంతోపాటు రెండు తిట్లూ ఇసిరేది. నాకేమో ఈపో టౌనులో బంతాట పోటీ, అదీ పోయింది.

ఆకరికి తౌకేనే వచ్చినాడు. ఆయనింట్లోనూ ఎర్రగూట్లో దేవుడున్నాడు కదా, కాలవ దాటలేదు. “మా కిరాణీని పంపించమ్మా, పనాగిపోయింది” అని అవతల్నించే మలాయ్ బాసలో కేకేసినాడు.

“మా గడపలు మాకు రాసియ్యి, ఈ పూటే పంపేస్తాను.”

“ఇంకోసోట ఇస్తాను, ఇవతలకి రండి.”

“దాటకూడదు కదా బాబూ.”

తౌకే నవ్వేసినాడు. నవ్వినేక మనిసి మెత్తబడ్డాడు. బేరాలై బేరాలై, అమ్మోరి రాయి పక్క రెండు వరసల ఇళ్లు మాకు రాసిచ్చినాడు. మిగిలిందంతా పోయింది, రబ్బరు సెట్లు, మా నాన్నని కాల్సిన గట్టూ. ఆ గట్టు కోసం అమ్మ ఎంత అడిగినా ఇవ్వలేదు. రాట పీకిననాడు అందరం డప్పులేసి గెంతుతుంటే, అమ్మొక్కర్తే అటేపు సూస్తూ కూకుంది. నేనెల్లి పక్కన కూకున్నాను.

నువ్వు కూకున్న ఈ ఇల్లు ఆ వరసలోదేనే. నువ్వేమో అక్కడ ఏదో అంతస్తులో అద్దె గదిలో... సర్లే. నీ పేరునా ఓ గడప రావాలి తల్లీ. లెగిసి పొమ్మనడానికి ఎవుడికీ నోరు రాకూడదు.