రంగు కాగితాల పందిరి

“పెద్దమ్మా, పై ఆదివారం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. నువ్వు డోలకు పట్టుకుని రావాలి.”

డోలకా? నన్నా?

కూర్చో ముందు. మంచినీళ్ళు తాగు. ఈ ఎండలో స్టేషన్ నుంచి నడిచే వచ్చావా? రిక్షా ఎక్కొచ్చు కదే.

సరే. మీ ఆయన ఇంటికొచ్చేశాడా మరి?

లేదా. ఇంకా తెనాలి ఆసుపత్రిలోనేనా. ఊపిరితిత్తుల్లో నీరు తీస్తూనే ఉన్నారా. మరి కూడికేంటి కరుణా?

విశ్వాసంతో ముందే డేటు పెట్టుకున్నారా. మీ అత్తగారేనా పెట్టింది. పందిరికి కూడా చెప్పేశారా.

ఊఁ.

ఏం లేదమ్మా. చేతిలో చెంబు జారింది, అంతే. ఆ గ్లాసు ఇలా ఇవ్వు, పక్కన పెడతా.

ఇటు తిరిగి కూర్చో. తల చూడు ఎలా ఉందో. దువ్వి ఎన్నాళ్ళయింది? ఆసుపత్రిలో ఎవరికి గుర్తుంటుందిలే. ఆ గూట్లో కొబ్బరినూనె సీసా, దువ్వెన ఉంటాయి, అందుకో. చిక్కు తీస్తాను. నొప్పెడితే చెప్పు.

నీకు గుర్తుందా, చిన్నప్పుడు మీ అమ్మానాన్నలతో బాపట్ల నుంచి మా ఇంటికొచ్చావు. ఇలాంటి కూడికకే. నాలుగేళ్ళు నీకు. కాదు, ఐదు. బళ్ళో వెయ్యలేదింకా.

“రంగు కాగితాలు గుర్తు పెద్దమ్మా. పందిరి నిండా రంగు కాగితాలు.”

అవునా. అవి గుర్తున్నాయా నీకు.

అవి కత్తిరించి అంటించింది సండేస్కూలు పిల్లలు. మా అబ్బాయి సామేలు స్నేహితులు. వాడు నిన్ను సంకనేసుకుని స్టేషన్‌కి తీసుకెళ్ళి బొగ్గింజను చూపించేవాడు. నీకు తెలియదులే.

వాడికి డోలకంటే పిచ్చి. మా చర్చిలో అప్పటికి ఒకటే డోలకు. ఒకవైపు చర్మం సాగిపోయి, వానాకాలమైతే తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టుండేది. దాన్ని సంఘ పెద్ద ఒకాయన చంటిబిడ్డలా చూసుకునేవాడు. పిల్లల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. వీడు బల్ల మీద వాయించేవాడు. బల్ల దొరక్కపోతే బకెట్టు బోర్లించి. ఆఖరికి అన్నం కంచం మీద కూడా. మీ పెదనాన్న బియ్యం మిల్లు నుంచి తౌడు కొట్టుకుపోయి వచ్చి, “ఏరా, తింటున్నావా, కచేరీ చేస్తున్నావా?” అనేవాడు. “రెండూ నాన్నా” అనేవాడు. నవ్వకుండా అనేవాడు.

రెండు దెబ్బలు మెల్లగా, మూడోది గట్టిగా. ఎప్పుడూ అదే. నాకు వంటింట్లోంచి వినపడేది.

తల కొంచెం వంచు.

రెండు రూపాయల బియ్యం వచ్చిన కొత్తలో అనుకుంటా, వాడికి కీళ్ళు వాచాయి. జ్వరం. ఇక్కడ సూదులు వేయించాం, తగ్గింది. తగ్గిందనుకున్నాం. గుండెకి పట్టిందట. నాలుగడుగులు వేస్తే ఆయాసం. తెనాలి తీసుకెళ్ళాం. ఇప్పుడు మీ ఆయన ఉన్నాడే, ఆ ఆసుపత్రే. అప్పుడు పిల్లల వార్డు వెనకవైపు, కిటికీలోంచి రైలు కూత వినపడేది.

పక్క మంచం ఆమెది భట్టిప్రోలు. రైతులు. కూతురికి బాగోలేక వచ్చింది. మొదట్లో మా గ్లాసుతో నీళ్ళు తాగేది కాదు. నేనూ ఇవ్వబోలేదు. ఎవరి సంగతి వాళ్ళకి తెలుసు కదా.

చర్చి నుంచి మరియమ్మ గారు వచ్చేది, స్త్రీల సమాజం పెద్ద. మంచి మనిషే, చెడ్డగా చెప్పకూడదు. మేం ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మీ పెదనాన్నకి ఇంట్లో కూర పంపింది. ఆమె అంది, “బాగయ్యాక కృతజ్ఞత చెప్పడం ఎవరైనా చేస్తారమ్మా. ముందే చెప్పడమే విశ్వాసం. డేటు పెట్టు” అని. అప్పుడే వీడు లేచి కూర్చున్నాడు. ఇడ్లీ తిన్నాడు. మంచం పట్టీ మీద దరువేశాడు. ఇంకేం కావాలి మాకు? డాక్టరు గారు మాత్రం, “ఇప్పుడే ఏం చెప్పలేనమ్మా” అన్నారు. డాక్టర్లు అలాగే అంటారనుకున్నాం.

శనివారం కూడికన్నాం. మీ పెదనాన్న అందరికీ కార్డులు రాశాడు. తెనాలిలో డోలకులు కట్టే ముసలాయన ఉండేవాడు, ఆయనకి కొత్త డోలకు చెప్పాం. వాడి డోలకు, వాడే వాయించాలి ఆ రోజు. దాన్ని బాపట్ల నుంచి వచ్చేటప్పుడు తెనాలిలో దిగి మీ నాన్న తీసుకురావాలని కార్డులో రాశాం.

వాడికి చెబితే నవ్వాడు. తర్వాత మరియమ్మ గారు ప్రార్థన చేసి లేవబోతుంటే, “అమ్మగారూ, నాకు భయంగా ఉందండి” అన్నాడు.

ఆమె వాడి నోటి మీద చెయ్యి పెట్టింది. మెత్తగానే పెట్టింది. “అలా అనకూడదు బాబూ, అది అపనమ్మకం” అంది. వాడు తలూపాడు. నేనక్కడే ఉన్నాను.

మళ్ళీ అనలేదు వాడు. ఎవ్వరితోనూ.

నొప్పెట్టిందా? కాదా. మరి ఎందుకలా బిగుసుకుపోయావు? సరేలే.

శుక్రవారం పొద్దున పాలు తాగాడు. మంచం పట్టీ మీద వేళ్ళతో కొట్టాడు. రెండు దెబ్బలు. మూడోది కొట్టలేదు.

నేను దాని కోసం చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ఎవరెవరో వచ్చారు. నర్సులు. ఎవరో చీర కప్పారు నాకు, జారిపోయిందేమో. మా వాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు కానీ గుమ్మం దగ్గరే నిలబడ్డారు. వాళ్ళకి మాత్రం ఏం మాట దొరుకుతుంది, రేపు కృతజ్ఞత కూడికైతే? ఆ భట్టిప్రోలు ఆమె లేచొచ్చి నా వెనక కింద కూర్చుంది. ఊరుకోమనీ అనలేదు. నా జుట్టు విరబోసుకునుంది కదా, వేళ్ళతో దువ్వింది. చిక్కులు తీసింది. ముడేసింది. అంతే చేసింది.

ఆమె పేరు అడగలేదు నేను. ఇప్పటికీ తెలియదు.

వాణ్ణి ఇంటికి తెచ్చేసరికి పందిరుంది. ఎర్రవీ, పచ్చవీ, గులాబీ రంగువీ, గాలికి రెపరెపలాడుతున్నాయి. తీసేద్దామని ఎవరికీ తోచలేదు. తోచినా చెయ్యి రాలేదేమో. వంటాయన గాడిపొయ్యి తవ్వి కూర్చునున్నాడు. “అన్నా, బిర్యానీ సరుకంతా దింపాను. ఏం చెయ్యమంటావు?” అనడిగాడు మీ పెదనాన్నని. ఈయన కాసేపు ఆ పొయ్యి వంకే చూసి, “తెల్లన్నం వండు. పప్పు చెయ్యి. జనం వస్తారు కదా” అన్నాడు.

అప్పుడు ఫోన్లా ఏమన్నానా. ఇప్పుడంటే సందుకో ఎస్టీడీ బూత్. టెలిగ్రాం ఇచ్చినా అది అందేలోపు మీరే బయల్దేరతారన్నారు. శనివారం మీరు రైలు దిగి నవ్వుకుంటూ వచ్చారు. మీ అమ్మ చేతిలో వాడికి కొత్త చొక్కా. నువ్వు పందిరి చూసి చప్పట్లు కొట్టావు. ఏడవకు, చిన్నపిల్లవి, నీకేం తెలుసు. నాకు ఆ చప్పుడు బాగానే ఉంది నిజానికి. ఆ రోజంతటికీ అదొక్కటే బాగున్న చప్పుడు.

మీ నాన్న వెనక వచ్చాడు, భుజానికి కొత్త డోలకు తగిలించుకుని. పందిరి రాట దగ్గర ఆగిపోయాడు. వాణ్ణి పెట్టిన పెట్టె కనిపించింది. పాపం, డోలకు ఎక్కడ పెట్టాలో తెలియలేదాయనకి. కింద పెట్టలేడు, మొయ్యలేడు. “వదినా” అన్నాడు.

పాట ఎత్తుకున్నారు. ఎవరికీ గొంతు లేదు. ఒకరొక చోట, ఇంకొకరింకో చోట. పాస్టరు గారు కృతజ్ఞత మీద వాక్యం సిద్ధం చేసుకునుంటారు, బైబిలు తెరిచి మూశారు, తెరిచి మూశారు. నేను లేచి మీ నాన్న భుజం మీంచి డోలకు తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో తెలియదు. నాకు వాయించడం రాదు. ఒళ్ళో పెట్టుకుని కొట్టాను. రెండు మెల్లగా.

మూడోది గట్టిగా.

“పిచ్చెక్కింది, పట్టుకోండి” అన్నారెవరో. మీ పెదనాన్న, “వదిలెయ్యండి దాన్ని” అన్నాడు. పాట దారిలో పడింది. కాలవ గట్టున సమాధుల తోట దాకా అదే దరువు. చేతులు వాచిపోయాయి. ఇంటికొచ్చి చూస్తే కాగితాలు కొన్ని రాలి అన్నం విస్తళ్ళలో పడున్నాయి.

తర్వాతా? తర్వాతేముంది. చర్చికి వెళ్ళేదాన్ని, మానేసేదాన్ని. ఆదివారం సాక్ష్యాలు చెబుతారు కదా, ఒక్కొక్కళ్ళూ లేచి, ప్రార్థన చేశాం, బాగయింది, ప్రార్థన చేశాం, ఉద్యోగమొచ్చింది. నేనేం చెప్పను లేచి? మేమూ చేశాం. మాది కాలేదు. దానికి సాక్ష్యాల్లో చోటు లేదు. దేవుడి మీద కోపమా అని అడిగింది మీ అమ్మ ఒకసారి. ఉందన్నాను. ఇప్పటికీ ఉంటుంది ఒక్కోరోజు. ఆయనతోనే చెబుతాను, ఇంకెవరితో చెప్పుకుంటాం.

ఏడాది పైనే అలా గడిచింది. దుగ్గిరాలలో ఒకళ్ళ పిల్ల పోయింది, పెళ్ళికెదిగిన పిల్ల. వాళ్ళూ ఉపవాసాలున్నారు, వాళ్ళూ డేటు పెట్టుకున్నారు. పాటకి ఎవరూ రావట్లేదట. ఏ మొహంతో వెళ్ళాలి అని. “రేపల్లెలో ఒకావిడ ఉందట, డోలకు ఆవిడ, ఆమెని పిలవండి” అన్నారట ఎవరో. వెళ్ళాను. ఆ తల్లి నన్ను చూసి, “మీది కూడా కాలేదా అండి?” అంది. “కాలేదమ్మా” అన్నాను. అప్పుడేడ్చింది. అప్పటిదాకా ఏడవనివ్వలేదట ఆమెని.

ఆ రోజు బస్సులో వస్తుంటే తోచింది, నేనెందుకు మిగిలానో. పెద్ద మాటలు రావు నాకు. నాకు తోచిందంతే.

అప్పట్నుంచీ ఏ ఇంట్లో ప్రార్థన నెరవేరలేదో ఆ ఇంటికి నన్ను పిలుస్తారు. మంగళవారాలు తెనాలి ఆసుపత్రికి పోతాను, ఈ సీసా, ఈ దువ్వెన పట్టుకుని. పిల్లల దగ్గర కూర్చున్న తల్లులుంటారు కదా, తల దువ్వుకోరు. వెనక కూర్చుని దువ్వుతాను. పాడతాను, గొంతులోనే. ప్రసంగం చెయ్యను. బొట్టున్న వాళ్ళూ కూర్చుంటారు, ముసుగున్న వాళ్ళూ కూర్చుంటారు. తలకి మతమేంటి, పేలు అందరికీ ఉంటాయి.

నవ్వావులే. నవ్వు.

కానీ శుభకార్యానికి నన్నెవరూ పిలవరు. శవాల డోలకంటారు, చాటుగా. మనం శకునాలు నమ్మం కదా, క్రైస్తవులం! అయినా నేనెదురొస్తే పెళ్ళివాళ్ళు సందు మారతారు. కృతజ్ఞత కోసం కట్టించిన డోలకు. ఒక్క కృతజ్ఞత కూడికలో మోగలేదు ఇన్నేళ్ళూ. నువ్వే మొదట పిలిచింది.

అందుకే ఇందాక చెంబు జారింది.

వస్తానని ఉంది కరుణా. ఎంత ఉందో చెప్పలేను.

మీ అత్తగారిని తప్పుపట్టను. కొడుకు కదా, ఏదో ఒకటి పట్టుకుని నిలబడాలి ఆమె కూడా. డేటు తీసెయ్యమని నేను చెప్పను. కానీ మీ ఆయన తన కాళ్ళ మీద ఇంట్లోకి నడిచొచ్చిన రోజు నన్ను పిలువు, పందిరి లేకపోయినా సరే. డోలకు తెస్తాను. చేతులు వాచేదాకా వాయిస్తాను.

అలా కాకపోయినా వస్తాను. ఏదైనా వస్తాను తల్లీ.

ఒకటి చెప్పు. మీ ఆయన్ని అడిగావా ఎప్పుడైనా, భయంగా ఉందా అని?

అడగలేదా. అత్తగారు ఆ మాటెత్తనివ్వదా. మరి నీకో?

“ఉంది పెద్దమ్మా. చాలా భయంగా ఉంది.”

అను. మళ్ళీ అను. నీ నోటి మీద ఎవరి చెయ్యీ లేదిక్కడ. దేవుడికి తెలియదా ఏంటి మనకి భయమని. సిలువకి ముందు రాత్రి తోటలో ఆయన కొడుకు చెమట రక్తమై కారేలా ప్రార్థన చేశాడు, ఈ బాధల గిన్నె తీసెయ్యమని. అలా అనకూడదన్నారా ఆయన్ని ఎవరైనా? ఏడువు. జడ వదలనులే, నువ్వు ఏడువు.

…

అయింది. జడ అయింది. నీ జుట్టు మంచిది, మీ అమ్మలాగే ఒత్తు.

లే, మొహం కడుక్కో. తెనాలి రైలుకి టైమవుతోంది. నేనూ వస్తున్నాను. ఇవాళ మంగళవారం కాకపోతే ఏం. మీ ఆయన పక్కన కూర్చుని నువ్వే అడుగు ఆ మాట. అతను చెప్పింది విను, అంతే. నేను మీ అత్తగారి వెనక కూర్చుంటాను. ఆమె తల కూడా అలాగే ఉండుంటుంది.

బాగవుతాడని నేను మాటివ్వలేను తల్లీ. నా చేతిలో లేదు. దేవుడు నిన్ను ఒంటరిదాన్ని చెయ్యకుండా ఉండాలి. నీ పక్కనెప్పుడూ ఒక మనిషి కూర్చునుండాలి. నీ భయం వినే చెవి నీకుండాలి. అదే నా దీవెన.

డోలకా? ఉండనీ, ఆ మేకుకే ఉండనీ. నూనె సీసా మూత గట్టిగా పెట్టి, దువ్వెన సంచిలో వెయ్యి.