సైకిలు దిగని మద్దిలేటి

మద్దిలేటి అని మా కింది గేరోడే, మా వాడలోనోడే, సుంకన్న కొడుకు, కర్నూల్లో సున్నాలు, పెయింట్లు కొట్టే పని చేస్తాండె. ఇప్పుడు చేయడం లే. ఎందుకు చేయడం లేదో అదే చెప్తాండా, వినండి. చేతులు మాత్రం ఆపొద్దు, శెనగ బుడ్డలు వొలిచేకి చెవులతో పని లే. వాని కత చెప్పాలంటే ముందు వాళ్ళ నాయన కత చెప్పాల, నాయన కత చెప్పాలంటే సైకిలు కత చెప్పాల. మా గేరిలో మొట్టమొదటి సైకిలు సుంకన్నది. యాడనో మిల్లులో పని చేసి తెచ్చుకున్నాడు, పాతదే, ఆకుపచ్చ రంగుది. గేరంతా చూసేకి వచ్చింది. నేనూ పోయినా, పెండ్లయిన కొత్త నాకు. ఊరికే ఉండక గంట కొట్టి చూసినా, ట్రింగుమనింది, మా అత్త ఇంటికి పోయినాక ఒకటే తిట్టు.

అయితే ఏమైందంటే, ఆ కాలంలో మావోళ్ళు రోడ్డెక్కాలంటే పెద్దింటోళ్ళ వీధిలోంచే పోవాల, వేరే దావ లేదు. ఆ వీధి మొదట్లో ఒక బండ ఉండె. ఆ బండ కాడికి వచ్చేసరికి మేము చెప్పులు తీసి చేత్తో పట్టుకోవాల. చెప్పులే తీయాలంటే ఇంగ సైకిలు మింద కూర్చొని పోతే ఊరుకుంటారా? సుంకన్న గూడా బండ కాడ దిగి, నెట్టుకుంటా పోయి, ఆ కొస దాటినాక ఎక్కేవాడు. రోజూ అంతే. దిగేది, నెట్టేది, ఎక్కేది. ఇట్ల ఉండగా ఈ మద్దిలేటికి, నాలుగేండ్లుంటాయి అనుకో, జరమొచ్చి కండ్లు తేలేసినాడు. సుంకన్న పిల్లోన్ని ముందర కడ్డీ మింద కూర్చోబెట్టుకొని, తువ్వాలతో తన నడుముకి కట్టుకొని తొక్కినాడు చూడు! బండ వచ్చింది, దిగలా. అరుగు మింద కూర్చున్నోళ్ళు ఒరే ఒరే అన్నారంట, దిగలా. గంట కొట్టుకుంటా పోయినాడంట ఆ వీధెంబడి. డాక్టరు సూదేసినాడు, పిల్లోడు కండ్లు తెరిచినాడు. తిరిగొచ్చేటప్పటికి బండ కాడ ఇరవై మంది కట్టెలు పట్టుకొని నిలబడుకోని ఉండారు. ఏం సుంకా, పొయ్యేటప్పుడు పిల్లోనికి బాగలేదు, సరే, ఇప్పుడు బాగైంది గదా, దిగు అన్నారంట. దిగను అన్నాడు. పిల్లోన్ని విప్పి పక్కన కూర్చోబెట్టి మరీ కొట్టినారు. చెయ్యి విరిగింది. సైకిలు ముందర చక్రం వొంకర పోయింది.

అంతటితో మానుకుంటాడనుకున్నాం. మాన్లా. చక్రం సరిచేయించుకొని, విరిగిన చేయి మెడకి కట్టుకొని, ఒంటిచేత్తో తొక్కుకుంటా మళ్ళీ వచ్చినాడు. మళ్ళీ కొట్టినారు. మళ్ళీ వచ్చినాడు. అప్పుడు మా గేరోళ్ళకి గూడా రోషమొచ్చింది. ఆ ఏడు బుడ్డలు పీకేకి మా గేరి నుంచి ఒక్క మనిషి పోలా. నేనూ పోలా. ఇంట్లో గింజ లేదు, అయినా పోలా. వాన పడింది, పీకే మనిషి లేక కాయ భూమిలోనే మొలకెత్తింది. అప్పుడు పెద్దింటాయన ఏం చేసినాడంటే, పిలవలా, మాట్లాడలా, సుంకన్న సైకిలు మింద వస్తాంటే మొగం అటు తిప్పుకున్నాడు. అంతే. అదే గెలుపు. ఇంగేం, పూలమాలలేస్తారనుకున్నారా? మద్దిలేటి పెద్దోడై పనికోసం కర్నూలుకు పోతాంటే ఆ సైకిలే చేతికిచ్చినాడు నాయన. ఒరే, అలుపొస్తే దిగు, పెద్దోళ్ళు ఎదురైతే మర్యాదకి దిగు, శవం ఎదురైతే దిగు. ఎవడన్నా దిగమంటే మాత్రం దిగొద్దురా అన్నాడు. ఆ మాట నా చెవులతో విన్నా. తర్వాత సుంకన్న ఎక్కువ రోజులు బతకలా.

కర్నూల్లో మద్దిలేటి ఉండేది ఊరి బయట కాలనీలో. పని యాడుంటే ఆడికి తొక్కుకుంటా పోవాల. అదే సైకిలు. అదే అంటే, కడ్డీలు మాత్రం అవే, చక్రాలు, గొలుసు, సీటు అన్నీ మార్చినవే. నాదీ అంతే గదా, పండ్లు పెట్టుడివి, కన్ను ఆపరేషనుది, మనిషి మాత్రం అదే. హ్యాండిలుకి ఈపక్క పెయింటు బకెట్టు, ఆపక్క సద్ది గిన్నె, యెనక బ్రష్షులు. పొద్దున్నే రోడ్డెక్కితే చాలు, మొదలు. బస్సోడు చెవి కాడికి వచ్చి హారన్ కొడతాడు, గుండెకాయ నోట్లోకి వస్తాది. ఆటోవోడు ముందరికి దూరి టక్కున నిలబెడతాడు, వానికి ఎవరో చెయ్యెత్తినారు గదా, యెనక సైకిలోడు ఏమైపోతే ఏం. కార్లో ఉండేటోడు అద్దం దించి ఉమ్ముతాడు, అది యాడ పడిందో చూడడు, గాలికొచ్చి వీని చొక్కా మింద పడతాది. వాన పడిందంటే ఇంగ చెప్పొద్దు, గుంతల్లో నీళ్ళన్నీ వీని మిందనే. వాని పెండ్లాం దేవమ్మ, పాపం, ఆ చొక్కాలు ఉతకలేక, ఇది పెయింటు మరకో బురద మరకో నాకు తెలీడం లేదయ్యా అనేదంట.

ఇదంతా అందరికీ ఉండేదే. అయితే మద్దిలేటికి ఒక పిచ్చి ఉండె. ఏమంటే, మనకు హారన్ హారనే. వానికి మాత్రం అది బండ కాడ మాట. యెనక నుంచి హారన్ వినపడితే చాలు, ఎవడో దిగమంటాండాడు అనుకునేవాడు. ఇంగ నడుము నిటారుగా పెట్టి, పక్కకి జరక్కుండా, రోడ్డు ఎడంపక్కన తన జాగాలో తాను గీత గీసినట్టు తొక్కేవాడు. యెనకోడు కొడతానే ఉంటాడు, వీడు తొక్కుతానే ఉంటాడు. ఇంటికి పోయి, దేవీ, ఈరోజు ఒక కారు, ఇంత పొడుగుది, మార్కెట్టు నుంచి వంతెన దాకా నా యెనకనే నడిచింది తెలుసా అని పండగ మాదిరి చెప్పేవాడంట. నడిచింది సరే, ఎక్కింటే? అనేది దేవమ్మ. ఎందుకెక్కుతాది, నేను దిగలా గదా అనేవాడు వీడు. ఏం చెప్తావు అట్లాంటోనికి? ఆమె దండం గూడా పెట్టిందంట. ఏమయ్యా, ఆ వంతెన కాడ ఒక్కచోట దిగు, నెట్టుకోని పోయి మళ్ళీ ఎక్కు, ఎవరు చూస్తారు ఈ ఊర్లో? ఎవరూ చూడకపోతే మా నాయన చూస్తాడు అన్నాడంట.

వంతెన అంటే రైలు వంతెన. దాని కింద దావ సన్నగా ఉంటాది. ఆడికి వస్తే సైకిలోళ్ళంతా దిగి గోడకి ఆనుకుంటారు, కార్లు పోయినాక కదుల్తారు. ఖాజా అని ఒకడు, గుడ్లమ్మేటోడు, రోజూ వీనితో కలిసి పోయేవాడు. వాని సైకిలు యెనక అట్టల్లో గుడ్లు, ఎవడన్నా తుమ్మితే పగిలేటట్టుంటాయి. దిగు మామా, దిగితే ఏం పోయింది, కారు పోతాది, మళ్ళీ ఎక్కుదువు అనేవాడు. నీకు గుడ్లుండాయి, నువ్వు దిగు, నాకేముంది అని మద్దిలేటి తొక్కుకుంటా పోయేవాడు. ఒకరోజు ఆ వంతెన కిందనే ఒక కారోడు అద్దం దించి, ఏంరా, రోడ్డు నీ అబ్బ సొత్తా అన్నాడంట. మద్దిలేటి కాలు నేల మింద ఆనిచ్చి, తిరిగి చూసి, మా అబ్బ సొత్తు ఊర్లో ఒక వీధుంది సార్, తన్నులు తిని సంపాదించినాడు, ఇది మాత్రం నీదీ కాదు, నాదీ కాదు అన్నాడంట. ఖాజా ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతాడు. నవ్వి మళ్ళీ కండ్లు తుడుచుకుంటాడు. ఆ కారోనికి ఏం అర్థమైందో దేవునికెరుక, అద్దం ఎక్కించుకొని పోయినాడంట.

ఇంగ ఆరోజు. పొద్దున ఎనిమిదో తొమ్మిదో. ఎవరిదో కొత్తిల్లు, హాలుకి తెల్ల పెయింటు కొట్టాల. బకెట్టు నిండా కలుపుకొని హ్యాండిలుకి తగిలించుకొని పోతాండాడు. ఖాజా యెనక కొంచెం దూరంలో ఉండాడు. ఒక పెద్ద కారు మద్దిలేటి యెనకొచ్చి పట్టుకుంది. ప్యాం అంటాంది, వీడు జరగడు. ప్యాం ప్యాం అంటాంది, వీడు జరగడు. నడుము నిటారు, మనసంతా యెనకనే ఉండాది. ముందర టిఫిను బండి కాడ ఒక కారు నిలబెట్టి ఉండాది. దాంట్లో ఒకాయన ఫోన్ మాట్లాడుకుంటా ఇడ్లీ పొట్లానికి దిగుతాండాడు. తలుపు తీసినాడు. అంతే. చూడలా. యెనక చూసుకొని తలుపు తీయాలని వానికి తోచనే లేదు. హ్యాండిలు తలుపుకి తగిలి మద్దిలేటి ఎగిరి రోడ్డు మధ్యలో పడినాడు. యెనక కొడతాండిన కారు ఆగలా, కాలు మింద ఎక్కి దిగి, అంత దూరం పోయి కొంచేపు నిలబడి, మళ్ళీ పోయింది. తలుపు తీసినాయన మొదట ఏం చూసినాడనుకుంటాండారు? తలుపు చూసుకున్నాడు. చూసుకోని, ఏమప్పా, ముందర చూసుకోని రావద్దా అన్నాడు. ఫోన్లో ఉండే మనిషికి, ఏం లేదులే, ఒక సైకిలోడు అని చెప్పినాడంట. ఈ మాట ఖాజా తన చెవులతో విన్నాడు.

పెయింటంతా రోడ్డు మింద పారింది. మద్దిలేటి తెల్లటి మడుగులో పడుకోని ఉండాడు, కాలు కాడ మాత్రం ఎర్రగా. వానికి తెలివి పోలా. పడుకొని చూస్తాండాడంట, వచ్చే కారు వచ్చినట్టు దూరంగా వొంగి, చుట్టు తిరిగి పోతాంది. ఆటోలు తప్పుకుంటాండాయి, బస్సు గూడా తప్పుకునింది. ఇన్నేండ్లలో ఒక్కనాడూ ఇంత జాగా ఇచ్చినోళ్ళు లేరు. ఖాజా గుడ్ల సైకిలు అట్లే కింద పడేసి పరుగెత్తుకొచ్చి తలకాయ ఒళ్ళో పెట్టుకుంటే, చూడు ఖాజా, ఎట్ల తప్పుకుంటాండారో అన్నాడంట మద్దిలేటి. అన్నాడో లేదో, బైకు మింద పొయ్యేటోడు ఒకడు యెనకోనికి అరిచి చెప్పినాడు. ఆపక్క నుంచి రాప్పా, పెయింటు, పెయింటు, టైర్లకి అంటుకుంటాది! మద్దిలేటి కండ్లు మూసుకున్నాడు.

పెద్దాసుపత్రిలో మోకాలి కింద తీసేసినారు. దేవమ్మ నేల మింద పడి ఏడ్చింది, కూతురు హేమ ఏడ్చింది, నేను పోయి ఏడ్చినా. వాడు ఏడవలా. చెట్టంత మొగోడు, గోడ చూసుకుంటా పడుకోని ఉండాడు. రెండు రోజులైనాక ఖాజా చూసేకి వచ్చినాడు, నేనూ ఆడనే ఉండా. అప్పుడు మద్దిలేటి అడిగినాడు. అబ్బీ, నేనొక మాట అడుగుతా, నిజం చెప్పు. ఆ తలుపు తీసినోడు, నేను జరగకుండా వస్తాండానని కోపంతో తీసినాడా? ఖాజాకి అబద్ధం చెప్పడం రాదు, వచ్చింటే ఆరోజు ఒకటి చెప్పింటే బాగుండు. లేదు మామా, వానికి నువ్వుండావనే తెలీదు. మరి యెనక కారోడు? వాడు తొందరగా పోవాలని కొడతాండాడు మామా, నిన్ను దిగమనలా. నువ్వు దిగి నెట్టుకుంటా పోయినా ఆ తలుపు తగిలేదే అన్నాడు. అప్పుడు ఏడ్చినాడమ్మా మద్దిలేటి. కాలు పోయినందుకు ఏడవనోడు ఆ మాటకి ఏడ్చినాడు. వార్డంతా తిరిగి చూసింది. ఇన్నేండ్లు ఎవరితో కొట్లాడుతాండానో వాళ్ళకు నేనుండానని గూడా తెలీదంట గదా పెద్దమ్మా అని నా చెయ్యి పట్టుకొని ఏడ్చినాడు.

వాని మొండితనం లేదా అంటే ఉంది, కాదనను. ముందర చూసుకోవాల్సింది. అయినా నాకు ఒకటే తోస్తాది. సుంకన్నని సైకిలు దించేకి ఇరవై మంది కట్టెలు పట్టుకొని రావాల్సొచ్చింది. పేరు పెట్టి పిలిచినారు, మొగం చూసి తిట్టినారు, చెయ్యి విరగ్గొట్టినారు, అయినా వాళ్ళ వల్ల కాలా. మద్దిలేటిని దించేకి ఒక్కడు చాలినాడు. వానికి దించినానని గూడా తెలీదు, ఇడ్లీలు తీసుకొని పోయినాడు.

మొన్న కంటి డాక్టరు కాడికి పోయినప్పుడు ఖాజా నాకు ఆ జాగా చూపించినాడు. తెల్లమరక ఇంగా పోలేదు. ఎండిపోయి ఎన్ని నెలలైందో, అయినా కొంతమంది దాన్ని చూసి బండి వొంచుకోని పోతాండారు. సైకిలు వాళ్ళింట్లో గోడకి ఆనిచ్చి ఉండాది. హేమ బాగు చేయించింది, కాలేజీకి దాని మిందనే పోతానంటాంది. దేవమ్మ వద్దంటాది. మద్దిలేటి అవుననడు, కాదనడు. నేను పోయినప్పుడు పక్కకి పిలిచి, పెద్దమ్మా, మా నాయన చెప్పిన మాట దీనికి చెప్పాల్నా వద్దా అని అడిగినాడు. నేనేం చెప్తాను? దిగమని చెప్పేకి నోరు రాలా, దిగొద్దని చెప్పేకి గుండె రాలా. కాఫీ తాగి లేచి వచ్చేసినా. ఊఁ, ఏంది అట్ల చూస్తారు, పొట్టులో గింజలు పడేస్తాండారు చూసుకోండి. బిరీన కానీండి. పని ముగించి మీరూ ఈ ముందర రోడ్డు దాటే గదా ఇంటికి పోవాల.