టీచరమ్మ పెట్టిన పరీక్ష

హువాలియెన్ అనే ఊళ్లో ఒక ముసలి దర్జీ, చనిపోయాక తన దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వాలని రాసిచ్చింది. అక్కడి మొదటి ఏడాది విద్యార్థిని ఒకమ్మాయి ఆమెకు దండం పెట్టడానికి వచ్చింది.

“నమస్కారం, టీచరుగారూ.”

“నేను టీచర్‌నయ్యేది చచ్చాక కదా?”

“దేహమిచ్చినవాళ్లను మేం అలాగే పిలుస్తాం.”

“అప్పుడు నోరెత్తలేను, అందుకే పరీక్ష ఇప్పుడే. మణికట్టులో ఎముకలెన్ని?”

“ఏడండీ.”

“ఎనిమిది. నాదొకటి పారేద్దామనుకున్నావా?”

“పొరపాటయిందండీ.”

“ఈ గుడ్డను గీత మీద కత్తిరించు.”

“వంకరగా పోయిందండీ.”

“నా పొట్టనూ ఇలాగే కోస్తావా?”

“నేర్చుకుంటానండీ.”

“ఎన్నాళ్లు పడుతుంది?”

“రెండేళ్లు పట్టొచ్చు.”

“డాక్టరు నాకు ఆర్నెల్లే అన్నాడు.”

“అయ్యో, మరెలాగండీ?”

“ఆయన సంగతి నేను చూసుకుంటాలే. నువ్వెళ్లి చదువుకో.”