ఒంటిగంట నుంచి ఒంటిగంటన్నర దాకా

1991వ సంవత్సరం జూన్ మూడవ తేదీ, సోమవారం నాడు, మా నీటి సరఫరా కార్యాలయంలోని ఫిర్యాదుల విభాగంలో గుమాస్తాగా అడుగుపెట్టి, నాటి నుంచి నేటి వరకు కుళాయిల్లో నీళ్ళు రాని అసంఖ్యాక గృహస్థులకు నీటికి బదులు చల్లని మాటలు సరఫరా చేసి, ఈ మాసాంతాన పదవీ విరమణ చేయనున్న మా సహోద్యోగిని, ప్రముఖ కథారచయిత్రి, శ్రీమతి అరగంట అమ్మగారిని అభినందిస్తూ నాలుగు మాటలు రాయమని వీడ్కోలు సంచిక సంపాదకవర్గం వారు నన్ను ఆదేశించారు. కన్నవారు పెట్టిన పేరు ఆఫీసు రికార్డుల్లో భద్రంగానే ఉంది గాని, మేము పెట్టిన పేరే లోకంలో చెల్లింది. నాది వీధిబడి చదువు. పైగా నాలుగు చినుకులు పడితే వరదొచ్చిందని చెప్పుకునే ఊరు మాది. కనుక నేను రాసినదానిలో తగినంత తరుగు తీసేసి చదువుకోవలసిందిగా పాఠక మహాశయులకు ప్రార్థన.

ఒక్క విషయంలో మాత్రం తరుగు తీయవద్దు. వారి తొలి నవల దాదాపు పూర్తయింది. ఒక్క చివరి అధ్యాయం మిగిలింది. ఈ పదవీ విరమణతో ఆ అధ్యాయమే కాదు, అసలు రాతే ఆగిపోతుందేమోనన్న భయం వారికి పట్టుకుంది. వారి నుంచి వారి ఇంటివారికి, అక్కడి నుంచి మా అందరికీ అంటుకుంది. అది ఎలా పుట్టిందో, ఏమైందో చెప్పడానికే ఈ ప్రయాస.

మా కార్యాలయపు ఆవరణలో, పంపుల గది పక్కన, పాత పైపు నుంచి కోసిన ఒక ఇనుప బిళ్ళ గొలుసుకు వేలాడుతూ ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు వాచ్‌మన్ దాన్ని పెద్ద పానాతో ఒక్కటి వేస్తే భోజన విరామం మొదలు. ఒంటిగంటన్నరకు మరొక్కటి వేస్తే ముగింపు. ఆ మోతకు మా మేడమీది పావురాలు లేచిపోయి పక్క ఊళ్ళో గుడ్లు పెట్టేవని అప్పట్లో నేను చెబుతుండేవాణ్ణి. మేమంతా ఆ అరగంటలో తినేవాళ్ళం; తినడం అయ్యాక పైఅధికారుల్ని తినేవాళ్ళం. అమ్మగారు మాత్రం పదకొండింటికే రెండు ముద్దలు మింగి, ఒంటిగంట మోగగానే మీటర్లు పరీక్షించే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవారు. మొదట్లో మేము ఆ తల్లికి ఏదో జబ్బనుకున్నాం. తలుపు సందులోంచి చూసి వచ్చిన ఒకాయన, "జబ్బే. రాస్తోంది" అని తేల్చాడు.

అప్పటికి వారికి చంటిపిల్ల. ఇంట్లో తెల్లవారితే వంట, పిల్ల, అత్తగారి మందులు. సాయంత్రమైతే మళ్ళీ పిల్ల, వంట, మందులు. వారి భర్తగారు గడియారాలు బాగుచేసే వృత్తిలో ఆరితేరినవారు. నాకు వరసకు బావగారు. వరస నేను కలుపుకున్నదే, వారు కాదనలేదు. ఆ ఇంటి గోడల నిండా గడియారాలే, అయితే ఏ రెండింటికీ పొత్తు కుదరదు. "ఇన్ని గడియారాలున్న ఇంట్లో నాకంటూ ఒక్క నిమిషం లేదు అన్నయ్యా, ఆఫీసులో ఉన్న అరగంటే నా ఆస్తి" అని అమ్మగారు ఒకనాడు నాతో అన్నారు. నేను అప్పట్లో స్టోరు కీపరును, ఆఫీసంతటికీ స్టోరన్నయ్యను.

ఇక అవకాశమన్నది వారిని ఎలా వరించిందో వినండి. వారి ఉద్యోగం, ఫిర్యాదులకు జవాబులు రాయడం. ఆ జవాబులు ఎంత సొగసుగా ఉండేవంటే, మూడో వీధిలో ఒక పెద్దమనిషి, కుళాయి ధారాపాతంగా వస్తున్నా, నీళ్ళు రావడం లేదని వారం వారం ఫిర్యాదు పంపేవాడు. తనిఖీకి వెళ్ళిన మా ఫిట్టరు తడిసి ముద్దయి తిరిగి వచ్చాడు. విచారిస్తే ఆ పెద్దమనిషి ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దేవాడని తేలింది. ఆయనే స్వయంగా మా ఆఫీసుకు వచ్చి, "అమ్మా, నీళ్ళ సంగతి వదిలెయ్యండి. మా పత్రికలో చివరి పేజీ సగం ఎప్పుడూ ఖాళీగా ఏడుస్తుంటుంది. దాంట్లో ఏమైనా రాసిస్తారా?" అని అడిగాడు. మరొకరైతే ఆలోచించి చెబుతామనేవారు. అమ్మగారు సొరుగు తెరిచి, అంతకు ముందే రాసిపెట్టుకున్న కథ ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టారు!

తర్వాత రోజుల్లో రాయాలని ఉబలాటపడే కుర్రకారు సలహా కోసం వస్తే వారు చెప్పే మాట ఒక్కటే: "నీళ్ళెప్పుడొస్తాయో మన చేతిలో లేదు నాయనా. బిందె కడిగి కుళాయి కింద పెట్టుకోవడం మన చేతిలో ఉంది." నీటి సరఫరా శాఖలో పనిచేస్తూ ఈ మాట బయటికి అనడం ఎంత ప్రమాదమో మీకు తెలియనిది కాదు. చిన్నదని ఏ పనినీ వారు తోసిపుచ్చలేదు. పిల్లల బడికి నాటిక కావాలంటే నాటిక, రేడియోకు ప్రసంగం కావాలంటే ప్రసంగం, సబ్బు పెట్టె మీద నాలుగు వాక్యాలు కావాలంటే నాలుగే, ఐదోది రాయకుండా ఇచ్చారు. ఆ సబ్బు తయారుచేసినవాడి బావమరిదే వారి మొదటి కథల పుస్తకం అచ్చువేశాడు. ఇందులో తరుగేమీ లేదు, నిజం.

ఇక పెద్ద పైపు పగిలిన రోజు. ఆనాటి నీటి ఉరవడికి వీధి చివరి క్షౌరశాల కుర్చీ, సగం గడ్డం గీయించుకున్న మనిషితో సహా, మా గేటు దాకా తేలుతూ వచ్చిందని నేను చాలామందికి చెప్పాను. కుర్చీ రాలేదు. మనిషి మాత్రం వచ్చాడు, సగం గడ్డంతోనే, తిట్టడానికి. ఆ హడావుడిలో అమ్మగారి బల్ల మీద ఒక పక్క ఫిర్యాదుల జవాబులు, మరో పక్క వారపత్రికకు పంపవలసిన కథ పేరుకున్నాయి. ఒంటిగంటన్నర మోగింది. వారు రాస్తున్న వాక్యాన్ని ఉన్నపళంగా ఆపి, అన్నీ కవర్లలో పెట్టి పంపేశారు. కథ ఆఖరి పేజీ, కార్యాలయ ముద్రతో సహా, నీళ్ళు రాని బేకరీ యజమానురాలికి చేరింది. "మరమ్మతు శీఘ్రముగా జరుగును, అంతవరకు ఓర్పు వహింపగలరు" అన్న జవాబు వారపత్రికకు చేరింది. సంపాదకుడు అదేదో నవీన ప్రయోగమనుకొని కథ చివర అచ్చంగా అలాగే అచ్చు వేశాడు. దాంపత్య జీవితాన్ని ఇంత క్లుప్తంగా ఇంతకు ముందెవరూ చెప్పలేదని పాఠకులు మెచ్చుకున్నారు.

బేకరీ ఆవిడ మాత్రం పిండి చేతులతోనే ఇంజినీరుగారి గదిలోకి దూసుకొచ్చింది. ఆఫీసు వేళల్లో కథలు రాస్తున్నారన్న మాట పైకి పాకితే ఆ అరగంటకు శాశ్వతంగా తాళం పడేది.

"ఏమ్మా, నీళ్ళు రాలేదా?" అన్నారు ఇంజినీరుగారు.

"నీళ్ళ సంగతి తర్వాత చూద్దురు గాని, ముందు ఇది చెప్పండి. 'ఆమె తలుపు తీసింది. వానలో తడుస్తూ అతను నిలబడి ఉన్నాడు. ఆమె' అని ఆపేశారు. లోపలికి రానిచ్చిందా, లేదా? నిన్నటి నుంచి పిండి కలపబుద్ధి కావడం లేదు నాకు!"

ఇంజినీరుగారు ఆ పేజీ తీసుకుని పైనుంచి కింద దాకా చదివారు. వెనక్కి తిప్పి చూశారు. ముద్ర చూశారు. అమ్మగారిని పిలిపించారు. వారు తల వంచుకుని నిలబడ్డారు. నేను స్టోరు తాళాల గుత్తి పట్టుకుని, అవసరం లేకపోయినా, వెనకాలే నిలబడ్డాను.

"ఇంతకీ రానిచ్చిందా?" అన్నారు ఇంజినీరుగారు.

"ఇంకా రాయలేదు సార్. గంట కొట్టేశారు."

ఆయన చాలాసేపు కిటికీ బయటికి చూశారు. ఆ చూడటం నవ్వు ఆపుకోవడానికని మాకు తర్వాత తెలిసింది. "రేపు ఒంటిగంటకి రాసి, ఈవిడకి ఒక ప్రతి, నాకో ప్రతి ఇవ్వండి. ఇక మీదట కవర్లు మాత్రం మీరు అతికించొద్దు. ఏమయ్యా స్టోరూ, ఊరికే నిలబడ్డావుగా, అది నువ్వు చూసుకో" అన్నారు. అలా ఒక రచయిత్రి కవర్లు అతికించే భాగ్యం వీధిబడి వాడికి దక్కింది. సాహిత్యానికి నేను చేసిన సేవ అదే, జిగురుతో.

కాలక్రమేణ రెండు కథాసంపుటాలు వెలువడ్డాయి. చంటిపిల్ల పెరిగి నర్సయింది. అమ్మగారికి ప్రధాన కార్యాలయంలో పెద్ద పదవి, వేరే గది ఇస్తామన్నారు. "అక్కడ ఒంటిగంటకి గంట కొడతారా?" అని వారు అడిగారు. కొట్టరు, అక్కడ భోజనాలు సమావేశాల్లోనే జరుగుతాయన్నారు. వారు సవినయంగా వద్దన్నారు. మేము వెర్రిదన్నాము. ఆ ఏడే నవల మొదలైంది.

నవల చివరి అధ్యాయానికి చేరుకున్నాక, పదవీ విరమణకు కాస్త ముందుగా, అమ్మగారు దీర్ఘకాలిక సెలవు పెట్టారు. ఇక రోజంతా రాతే అనుకున్నాం. వారం తిరక్కుండానే తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నారు. నేను రిటైరయ్యాక కూడా పేపరు చదువుకునే నెపంతో రోజూ ఆఫీసుకే వస్తుంటాను గనుక, ఆ ముఖం మొదట చూసింది నేనే.

"ఏం చెల్లెమ్మా, నవల ఒడ్డెక్కిందా?"

"వంటింట్లో డబ్బాలన్నీ ఒడ్డెక్కాయి అన్నయ్యా. బీరువా సర్దాను. దిండ్లకి గలీబులు కుట్టాను. ఒక్క వాక్యం రాయలేదు. పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం ఉందిగా అనిపిస్తుంది. మధ్యాహ్నం కూర్చుంటే సాయంత్రం ఉందిగా అనిపిస్తుంది. ఉద్యోగంతో పాటు రాతా పోతుందేమో అన్నయ్యా, నాకు భయమేస్తోంది."

ఎప్పుడూ ఎదురు హాస్యమాడే మనిషి కళ్ళు తుడుచుకుంటే, నా దగ్గర కోతలన్నీ నిండుకున్నాయి.

అప్పుడే వీడ్కోలు కానుకగా ఏమివ్వాలన్న చర్చ వచ్చింది. గోడ గడియారం ఇద్దామన్నారు ఒకరు. గడియారాల ఇంటికి గడియారమా, సముద్రానికి చెంబుడు నీళ్ళా! వాచ్‌మన్ గొంతు సవరించుకుని, "ఆ బిళ్ళ ఇచ్చేద్దాం సార్. మనకి కరెంటు బెల్లు పెట్టించుకుందాం" అన్నాడు. ఇప్పటి ఇంజినీరుగారు వెంటనే ఒప్పుకున్నారు. గత ఆదివారం నలుగురం కలిసి ఆ ఇనుప బిళ్ళను మోసుకెళ్ళి అమ్మగారి పెరటి వరండాలో వేలాడదీశాం. అంత బరువును నేనొక్కణ్ణే భుజాన వేసుకుని వెళ్ళానని ఎవరైనా చెబితే, అది నేను చెప్పిందే, నమ్మకండి.

పానా పట్టుకున్న బావగారికి ధర్మసందేహం వచ్చింది. "ఏ గడియారం చూసి కొట్టమంటావు? హాల్లోది పావు తక్కువ ఒకటి అంటోంది, వంటింట్లోది రెండవుతోంది అంటోంది."

"మీ ఇష్టం వచ్చింది చూడండి. మొదటి దెబ్బకీ రెండో దెబ్బకీ మాత్రం ఒకే గడియారం చూడండి, పుణ్యముంటుంది!" అన్నారు అమ్మగారు.

బావగారు ఒక్కటి వేశారు. పక్కింటివాళ్ళు గోడమీదుగా తొంగిచూశారు. అమ్మగారు, ఎన్నో ఏళ్ళ అలవాటు చొప్పున, మమ్మల్ని ఒక్కమాటైనా పలకరించకుండా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మేము వరండాలో కూర్చున్నాం. అమ్మాయి మాత్రం, "నాన్నా, రెండోది మర్చిపోయి కునుకు తీయకు" అని తండ్రికి కాపలా కాసింది. రెండో దెబ్బ పడింది. తలుపు తెరుచుకుంది. చేతిలో కలం, నుదుట చెమట, ముఖంలో మంట.

"అప్పుడే ఏమిటండీ! వాక్యం మధ్యలో ఉన్నాను. ఇంకొక్క నిమిషం!"

బావగారు పానా కింద పెట్టి, మా వాచ్‌మన్ ఇన్నేళ్ళూ రెండో మోత కాగానే మీటర్ల గది ముందు నిలబడి అన్న మాటే, ఎవరూ నేర్పకుండా అన్నారు: "రేపుందిగా."

అమ్మగారు ఆయన్ని కొట్టడానికా అన్నట్టు కలం ఎత్తి, అంతలో పకపకా నవ్వేశారు. ఆ నవ్వుతో మాకందరికీ ఆకలి గుర్తొచ్చింది.

కార్యాలయంలో ఇప్పుడు కరెంటు బెల్లు మోగుతోంది. పిల్లి గొంతులా ఉంటుంది, దానికి లేచే పావురం లేదు. అమ్మగారు ఆయురారోగ్యాలతో, తరగని ఉత్సాహంతో, మనుమల్ని ముని మనుమల్ని ఎత్తుకుంటూ వర్ధిల్లాలని. ఈ నవలా, దాని వెనుక మరిన్నీ రావాలని, వాటి కవర్లు అతికించడానికి నా చేతుల్లో సత్తువ ఉండాలని. ఇంకా ఎన్నెన్ని ఏళ్ళ తర్వాతైనా సరే, రెండో దెబ్బ పడేసరికి వారి కలం ఒక వాక్యం మధ్యలోనే ఉండాలని, పక్కనుంచి బావగారు "రేపుందిగా" అంటూనే ఉండాలని, మా కార్యాలయం యావత్తు పక్షాన మనసారా కోరుకుంటున్నాను.