మోషే అన్న టైరు చెప్పులు

గా ఫోను జేబుల వెట్టు జోయెలూ. కారు ఫోన్ల జూస్తె ఏమెరుకైతది? రంగెరుకైతది, ధర ఎరుకైతది. మోకాలు యాడ తాకుతదో ఫోను జెప్తదా? కూసో. ఆ కుర్చీల గాదు, అది నీకు ఆగది, గీ మంచం మీద కూసో. కాళ్లు సాపుకో. ఆఁ, గట్ల. అచ్చం మీ తాత కాళ్లే, మంచం దాటి వాకిట్లకు వోయినయి. మీ నాయినకు రాలే గా పొడుగు, నీకొచ్చింది. నీకు తాత యాదికుండడు తియ్, ఆయన పోయినప్పుడు నువ్వు గింతంత. మచ్చ బొల్లారంల మోషే ఇల్లెక్కడ అంటె సగం మందికి తెల్వకపోయేది. గా లారీ పొడుగాయన ఇల్లు అంటె మాత్రం పసిపోరలు గూడ దర్వాజ దాక తోల్కపోయేటోళ్లు. గా దర్వాజకు ఆయన నెత్తి తాకి తాకి సున్నం నిలువకపోయేది. "జర వొంగితె ఏంబోతదన్నా" అని నేనంటె, "నేను తలకాయ వొంచేది ప్రార్థనల ఒక్కటే గండయ్యా" అనేటోడు. నేనే మొండోణ్నంటరు ఊర్లె. ఆయన ముంగట నేనెంత. గా మాటనే తర్వాత ఆయనను కారు కాడ పరేషాన్ జేసింది.

లారీ మీద ఉన్నన్ని దినాలు రంది లేకుండె. ఆయన డ్రైవరు, నేను క్లీనరు, కేబినంటె ఇంట్ల అర్రంత ఉండె. లారీ ఇడిసినంక గీ ముచ్చట మొదలైంది. ఎందుకంటవా, మీ అవ్వ కోసం. మార్తమ్మ వదినెకు మోకాళ్లు వట్టుకున్నయి. చర్చేమొ మేడ్చల్ల. షేరాటో ఎక్కుదామంటె కాలు లేవది. చర్చిల కార్లున్నోళ్లు మస్తుమంది, అందరు వస్త వస్తమన్నరు. వదినె ఒప్పుకోలే. "ఒకళ్ల కారెక్కితె వాళ్లు లేసినప్పుడు నేను లేవాలె. వాళ్ల ప్రార్థన అయిపోయిందంటె నాది గూడ అయిపోవాలె. నాకొద్దయ్యా" అన్నది. అనుడు అన్నది గని, ఆదివారం పొద్దుగాల తెల్లచీర గట్టుకొని, ఇంట్లనే కుర్చీల కూసోని, చర్చిల ఏ పాట ఎప్పుడొస్తదో గా యాళ్లకు గా పాట ఒక్కతే పాడుకునేది. నాకు రాత్రి బడిల అక్షరాలు దిద్దిచ్చింది గామెనే. గసొంటి గొంతు నాలుగు గోడల మధ్యల ఇనవడుతుంటె ఈయన వాకిట్ల నిలవడి, పనేం లేకున్నా సైకిల్ తుడిచేటోడు. ఒకనాడు గుడ్డ కిందేసి, "గండయ్యా, క్రిస్మస్ లోపట దీన్ని నా పక్క సీట్ల కూసోబెట్టి తీస్కవోత" అన్నడు. పెద్ద కారు కొనే తాహతు లేదు. చిన్న కారే గావాలె. మనిషేమొ తాటిచెట్టు.

ముందుగాల సుచిత్ర కాడి షోరూముకు వోయినం. తృప్తి అని ఒక పిల్ల, మస్తు మర్యాద. కోడిగుడ్డు లెక్కుండే ఒక కారు జూపెట్టింది. మీ తాత చెప్పులు బయట ఇడిసి ఎక్కవోయిండు. "పర్వాలేదు తాతా, చెప్పులతోనే ఎక్కండి" అన్నది. "తప్పు బిడ్డా, కొత్త బండి" అన్నడు. మనం ఎవలమైన గంతే గద, ఇంట్ల అడుగువెట్టినట్టే. ఎక్కిండు. నెత్తి పైన తాకి, మెడ పక్కకు వొంగి, గింజలేసిన చప్పుడు ఇంటున్న కోడి లెక్క కూసున్నడు. "సీటు వెనక్కి జరుపుకోండి తాతా" అన్నది. జరిపిండు. ఎనుక నేనున్న. నా మోకాళ్లు వచ్చి నా గదుమకు అంటినయి. గాడ గోడ మీది బోర్డు నేను కూడబలుక్కొని చదివిన, అయిదుగురు హాయిగా కూర్చోవచ్చు అని ఉన్నది. "ఏ అయిదుగురమ్మా?" అని అడిగిన. గా పిల్ల మమ్ముల పక్క కారు కాడికి తోల్కపోయింది. అది సబ్బుబిళ్ల లెక్కుండె. దానికి సీటు పక్కన ఒక పుల్ల ఉన్నది, గుంజితె సీటు ఎత్తు మారుతదట. ఈయన గుంజిండు. సీటు లేసింది. నెత్తి టక్కున తాకింది. "కిందికి వోయే పుల్ల లేదా బిడ్డా?" "మొదట ఉన్నదే కింద తాతా." సరె, మెడ జర వొంచి నడుపుకో అన్న నేను. దిగి చెప్పులేసుకొని నాకంటె ముంగటనే బస్ స్టాపుకు వోయిండు. తలకాయ వొంచడాయె.

గట్ల తిరిగీ తిరిగీ, దుండిగల్ దిక్కు కొత్త కాలనీల ఒక సారు పాత కారు అమ్ముతున్నడని తెలిసి వోయినం. వెంకటరామయ్య సారు, కోస్తా దిక్కాయన, మంచోడే. మనిషి మాత్రం మీ తాత జేబు దాక వొస్తడు. "ఏవండీ, ఈ కారులో నాకెప్పుడూ ఇరుకనిపించలేదండీ" అంటడు. నాకు నవ్వాగలే. గా కారేమొ నిలువుగ టిఫిన్ డబ్బా లెక్కున్నది, కప్పు ఎత్తుగున్నది. ఆయన భార్య కామేశ్వరమ్మ గారు ఉరికొచ్చి, "చెప్పులు బయట విడిచేయండి, మ్యాట్లు నిన్ననే కడిగించాను" అన్నది. ఆమె జెప్పకున్న ఇడుస్తుండెనాయె. ఎక్కిండు. నెత్తికి కప్పుకు నడుమ అరచెయ్యి వట్టింది. మోకాలుకు స్టీరింగుకు నడుమ ఏలు వట్టింది. నేను ఎనుక కాలు మీద కాలేసుకున్న. మీ తాత స్టీరింగు వట్టుకొని కండ్లు మూసి తలకాయ వొంచిండు. సారు నా దిక్కు జూసి, "నిద్రపోయారాండీ?" అని మెల్లగ అడిగిండు. "లేదు సార్, బేరం అయింది" అన్న. చెప్పులు డిక్కీల ఏసుకొని ఉత్తకాళ్లతోని ఇంటికి నడిపిండు. పాస్టరొచ్చి ప్రార్థన జేసేదాక కొత్తగ తెచ్చిన బండిల చెప్పుకాలు వెట్టొద్దట. గా దినమే, శనారం పొద్దూకినంక పాస్టరొచ్చి ప్రార్థన జేసిండు.

ఇగ ఆదివారం. వదినె తెల్లచీర గట్టి ముందు సీట్ల కూసున్నది. నేను ఎనుక, తమాష జూడనీకి. ఆయన కాళ్లకు గా టైరు చెప్పులు. నీకు తెల్వదు, ఆయన సైజు ఏ దుకాన్ల దొరకకపోయేది. మేడ్చల్ల చెప్పులు కుట్టేటాయన తోని లారీ టైరు కోపిచ్చి కుట్టిచ్చుకునేది. రెండు వేళ్లంత మందం. బండి గల్లీ మలిగింది. ఆయన బిరేకు మీదికి కాలు లేపిండు, మోకాలు వోయి స్టీరింగు కింద ఇరికింది. అటు తిరగది, ఇటు తిరగది. బండి సీదా కిరాణం ముంగటి ఉల్లిగడ్డల సంచులకు ఒరిగి ఆగింది. దెబ్బలు ఎవలకు తాకలే, గడ్డలు మాత్రం రోడ్డు మీద దొర్లవట్టినయి. ఈయన దిగి, మొఖం గింత జేసుకొని, "నిన్న సరిపోయింది గండయ్యా. ఇయ్యాల సాల్తలేదు. కారు ముడుసుకపోయింది" అన్నడు. నేను నమ్మిన. పొద్దటి సలికి ఇనుము ముడుసుకుంటదేమో అన్న. వెంకటరామయ్య సారుకు ఫోన్ గూడ జేసినం. "కారు ముడుచుకుపోవడం ఏంటండీ, అదేమన్నా ఉన్ని స్వెట్టరా?" అన్నడాయన. మీ అవ్వ బండి దిగలే. సీట్ల కూసునే మెల్లగ, "ఏమయ్యా, నిన్న కాళ్లకు ఏమేసుకున్నవ్?" అన్నది. "ఏం లేదు." "ఇయ్యాల?" ఆయన కిందికి జూస్కున్నడు. నేను గూడ జూసిన. జరసేపు ముగ్గురం గా చెప్పులనే జూసినం. "మరి చర్చికి ఉత్తకాళ్లతోని ఎట్ల వోవాలె, నల్గురు నవ్వరా?" అని నసిగిండు. "మోషే అని పేరు వెట్టుకున్నవ్. మండే పొద కాడ దేవుడు గా మోషేను ఏమిడువమన్నడు? టోపీనా?" గంతే. గాడనే, ఉల్లిగడ్డల నడుమ ఇడిసిండు. గా దినం చర్చిల వదినె పాట రోడ్డు దాక ఇనవడ్డది.

ఇగ గప్పట్నుంచి చచ్చేదాక ఉత్తకాళ్లతోనే నడిపిండు. ఎక్కినకాడ చెప్పులిడుసుడు, దిగినకాడ యాదికొచ్చుడు. ఎన్నిసార్లని ఎనుకకు వోతడు? ఇంకో జత కుట్టిచ్చుడే. చర్చి మెట్ల కాడ ఒక జత, చాయ్ హోటల్ల ఒకటి, మంగలి దుకాన్ల ఒకటి, గీ శామీర్‌పేటల నా ఇంట్ల ఒకటి. ఒక్క జత పోలే. దొంగ గూడ తొడుక్కోవాలె గద. ఆయన పోయిన నాడు ఎవలు జెప్పిండ్రో ఏమో, వచ్చినోడల్ల ఆయన చెప్పులు చేతులవట్టుకొని వచ్చి దర్వాజ కాడ వెట్టిండు. లైను గట్టినయి. వదినె ఏడుస్తనే గవ్విటి దిక్కు జూసి, "అందరు బయటనే నిలవడ్డరేంది గండయ్యా, లోపటికి రమ్మనరాదు" అన్నది.

గా కారు తుక్కుకు వోయినంక మీ అవ్వ మల్ల ఇంట్లనే పాడుకుంటాందట గద. నీతోనైతె వస్త అన్నదట. ఇంగో, మంచం కింద చెయ్యి వెట్టు. లోపటికి, ట్రంకుపెట్టె ఎనుక. ఆఁ, గవే. నేను గా దినం తీస్కవోలే. ఎందుకంటె ఏమో. దుమ్ము దులిపి తొడుక్కో. రేపు షోరూమ్ల చెప్పులు ఇడుస్త అని మర్యాదకు వోకు, గీటితోనే ఎక్కు. గీటితోని మోకాలు తాకకుంటె నీకు ఏ చెప్పుతోనైన తాకది. ఏదీ, లేసి నడువు. వాకిట్ల దాక వోయి రా.

...

అతికినట్టు సరిపోయినయి, ఇడువకు. చాయ్ సల్లగైతాంది, తాగు. గా ఫోన్ల కారు లీటరుకు ఎంతిస్తదన్నవ్?