పెండ్లి సీన్లో కెమెరా

సూళ్లూరుపేట స్టేషన్ బయట మోహన టీ అంగడి ముందు చక్రధర్ ఆటో ఆగిందంటే కోతలు మొదలైనట్టే. భార్య కోమలి చనిపోయినప్పటి నుంచి ఆయనకు ఇంటికి పోవాలంటే కాళ్లు రావు.

"పులికాట్ ఒడ్డున సినిమా తీసినారు కదప్పా, పెండ్లి సీనుకు జనం కావాలంటే నేనూ కోమలీ పోయినాము. సూస్తే కెమెరా పెండ్లికొడుకు మీద పెట్టుండారు. 'అయ్యా, ఎవరి కండ్లతో చూపిస్తే కథ వాళ్లదైపోతాది. ఆ పెండ్లికూతుర్ని మనసులో పెట్టుకున్నోడు ఒకడుండాల, వాని మొగం చూపించు' అన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? డైరెక్టరు లేచి నిలబడి 'ఆ మొగం నీదే' అన్నాడు!"

"అంతేనా?" అని ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చిన ధనశేఖర్ టీ ఊదుకుంటూ ఎగదోశాడు.

"అంతేనా అంటావేందబ్బా? కెమెరా నా మొగం మీదికొచ్చింది. ఒక్క మాట మాట్లాడలా, ఊరికే పెండ్లికూతుర్ని సూసినా. ఆ ఒక్క సూపులో ఫ్లాష్‌బ్యాకంతా తెలిసిపోయింది! ఫ్లాష్‌బ్యాకుకని వేసిన సెట్టు ఇంకెందుకని పీకేసినారు. పెండ్లికూతురు పీటల మీద నుంచి లేచేసింది. 'ఇంక ఈ కథలో విలన్ నేనే' అని హీరో ఏడ్చినాడు. అదే పొద్దు శ్రీహరికోటలో రాకెట్టు వదల్తా ఉండారా, డైరెక్టరు ఫోన్ చేసి 'చక్రధర్ క్లోజప్పు జరగతా ఉండాది, సౌండు చేయొద్దండి' అన్నాడు. అంతే, లేచిన రాకెట్టు లేచినట్టే గాల్లో నిలబడిపోయింది!"

అందరూ పగలబడి నవ్వారు. బల్ల చివర రొయ్యల బుట్టతో కూర్చున్న మునెమ్మ మాత్రం నవ్వలేదు.

"ఆ సినిమా నేను సూసినా చక్రధరన్నా. నీ మొగం యాడా లేదు. ఓ పక్కన నీ భుజం ఒకటే. కెమెరా కోమలక్క మీద ఉండాది."

ధనశేఖర్ బల్ల చరిచి మరీ నవ్వాడు. ఆ సినిమా ఊళ్లోకి వచ్చింది కోమలి చనిపోయిన నెలలోనే. చక్రధర్ ఒక్కడే హాల్లోకి పోయి కూర్చుని, లైట్లు ఆర్పగానే లేచి వచ్చేశాడు. మళ్లీ పోలేదు.

ఆయన మెల్లగా మునెమ్మ దగ్గరికి జరిగాడు.

"ఏం చేస్తా ఉన్నింది?"

"నీ భుజం మీద చెయ్యేసి, నవ్వతా ఏందో చెప్తా ఉన్నింది. మాట ఇనపళ్లా."

"'నోరు మూసుకోని కూచో, తీస్తా ఉండారు' అన్నింది" అన్నాడు చక్రధర్.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అంగడాయన మోహన చక్రధర్ గ్లాసులో ఇంకొంచెం టీ పోశాడు.